ఆవిరి నిలిచిన రాయి

"నాయనా, నా రాయి తెచ్చియ్యి. పొయ్యేటప్పుడు ఎత్తుకపోతా."

శివకుమారి ఈ మాట అన్నప్పుడు తిరుపాలు దోసె ముక్క నోట్లో పెట్టుకోబోతున్నాడు. పెట్టుకున్నాడు గానీ మింగలేకపోయాడు. కూతురేమో పెనం మీద ఇంకో దోసె తిప్పుతూ, ఉప్పు డబ్బా అందుకోమన్నంత మామూలుగా అడిగింది.

"ఏ రాయి?" అన్నాడు. అబద్ధమైనా అతికినట్టుండాలంటారు. ఇది అసలు అతకలేదు.

"నేను మూడో తరగతిలో పంపించిన రాయి. బాబా బీరువాలో దాచినానంటివి గదా. వెండిలో బిగించి మోక్షిత మెడలో వేద్దామని."

"ఆ... ఉండాదమ్మా. యాడికి పోతాది. ఉండాది."

దోహాలో, అల్ మన్సూరాలోని ఆ ఫ్లాట్ అప్పటికే సగం ఖాళీ అయింది. గోడవారన అట్టపెట్టెలు, వాటి మీద టేపు చుట్టలు. అల్లుడు అమర్నాథ్ మట్టి పరీక్షల ల్యాబులో పనిచేసేవాడు. ప్రాజెక్టు ముగిసింది, కంపెనీ టిక్కెట్లు చేతిలో పెట్టింది. ఈ శుక్రవారం దాటాక వచ్చే బుధవారం అమర్నాథ్, శివకుమారి, ఐదేళ్ళ మోక్షిత ముగ్గురూ ఊరికి పోతున్నారు. ఇక తిరిగి రారు.

తిరుపాలు హౌస్ డ్రైవర్. ఇరవై రెండేళ్ళుగా ఒకటే ఇల్లు, బాబా అని పిలిచే ఒకటే అరబ్బు యజమాని, గేటు పక్కన ఒకటే గది. కూతురి నాలుగో ఏట దోహా వచ్చాడు. కూతురు అల్లుడితో పాటు ఇక్కడికొచ్చిన ఈ మూడేళ్ళలో, శుక్రవారం శుక్రవారం కలిపి ఆమెను చూసినన్ని రోజులు, అంతకు ముందు బతుకంతా కలిపినా చూడలేదు. ఇప్పుడు అదీ అయిపోయింది. పోతూ పోతూ ఆమె అడిగింది ఒక్కటే. ఆ ఒక్కటే ఆయన దగ్గర లేదు.

రాయి కథ చెప్పాలంటే ముందు ఊరి సంగతి చెప్పాలి. తుగ్గలి, జొన్నగిరి పక్క చేలల్లో తొలకరి వాన పడిందంటే, జనం విత్తనం కోసం కాదు, వజ్రాల కోసం వంగుతారు. పిల్లాజెల్లా, ముసలీముతకా, ఎక్కడెక్కడి నుంచో సద్దిమూటలు కట్టుకుని వచ్చి దున్నిన చేలో తల వంచి నడుస్తారు. నవ్వేవాళ్ళు నవ్వుకోండి. ఏడాదికి ఒక్కరికైనా దొరుకుతుందని చెప్పుకుంటారు, ఆ ఒక్కరి కథ మీద మిగిలినవాళ్ళు ఇంకో ఏడాది నడుస్తారు. ఆ నడకకు పద్ధతి ఉంది. పొద్దుటి ఎండకు ఎదురుగా నడవాలి, అప్పుడే రాయి మెరుపు కంటికి తగులుతుంది. దొరికిన రాయి మీద నోటితో ఊదాలి. ఆవిరి వెంటనే విడిపోతే వజ్రం, నిలిచిపోతే ఉత్త పలుగురాయి. అన్నిటికంటే పెద్ద కట్టుబాటు ఇంకొకటి: దొరికినవాళ్ళు నోరు తెరవకూడదు. కేక వేయకూడదు, పక్కవాడితో చెప్పకూడదు. గుప్పిట మూసి ఇంటికి పోవాలి. చెబితే రాయీ దక్కదు, నిద్రా దక్కదు.

తిరుపాలు దోహా వచ్చిన నాలుగేళ్ళకు, ఒక ఆగస్టులో, ఊరివాడు జానీ సెలవు మీద వెళ్ళి వస్తూ పప్పుల పొడి పొట్లం తెచ్చాడు. పొడి సగమయ్యాక లోపల ఇంకో చిన్న పొట్లం బయటపడింది. నోటుబుక్కు కాగితంలో చుట్టిన రాయి. చింతగింజంత, తెల్లగా, ఒక మూలన జీలకర్ర గింజంత ఎర్ర మచ్చ. కాగితం మీద పెన్సిలుతో రాసుంది.

"నాయనా ఇది వజ్రము. నీ దగ్గర దాచు. నువ్వు వచ్చేటప్పుడు తీసుకొని రా. ఎవరికీ చెప్పొద్దు. ఇట్లు శివకుమారి, మూడవ తరగతి."

తిరుపాలు నవ్వుకున్నాడు. తర్వాత తలుపు గడియ పెట్టి ఊది చూశాడు. ఆవిరి నిలిచింది. అక్కడితో ఆగిపోవాల్సిన మనిషి ఆగలేదు. దోహా ఆగస్టు ఉక్కలో బయటికి రాగానే కళ్ళద్దాలే మసకబారతాయి, రాయి మసకబారదా అనుకున్నాడు. ఊదుడు పరీక్ష ఊర్లో ఎండకు చెల్లుతుంది గానీ ఈ సముద్రపు గాలికి చెల్లదని తనకు తానే తీర్పు చెప్పుకున్నాడు. చూశారా ఆశ ఎంత తెలివైందో! రెండు రోజులు ఒళ్ళు తెలియలేదు. మూడోరోజు పొద్దున ముషైరిబ్‌లో, అప్పటి పాత సందుల్లో, ఒక నగల అంగడికి పోయి రాయి బల్ల మీద పెట్టాడు. అంగడివాడు భూతద్దంలో చూడను కూడా చూడలేదు. పక్కనున్న ఇద్దరిని పిలిచి చూపించాడు. ముగ్గురూ నవ్వారు. వజ్రాల సీమలో పుట్టినవాడికి అంతకంటే తలవంపులు ఏముంటాయి? బయటికొచ్చి, ఆ సందులోనే, మురుగుకాలవలోకి విసిరేశాడు. విసురుతూ, "రాళ్ళు పంపిస్తాదంట రాళ్ళు," అని ఎనిమిదేళ్ళ పిల్లను తిట్టాడు కూడా.

కోపం ఆ సాయంత్రానికే దిగిపోయింది. మర్నాడు వెతుకుదామని పోయాడు. మురుగులో ఏం దొరుకుతుంది? తర్వాత రెండేళ్ళకు ఆ సందునే కూల్చేశారు. ఇప్పుడక్కడ మెట్రో స్టేషను, అద్దాల ఆఫీసులు. ఆ దారిన బాబా భార్య మదామ్‌ను తీసుకుపోయే ప్రతిసారీ తిరుపాలు చూపు నేల మీదికి పోతుంది.

ఆ వారం కూతురు ఫోనులో గొంతు తగ్గించి, "అందిందా నాయనా?" అంటే, "అందింది. బాబా బీరువాలో పెట్టినా," అన్నాడు. పసిదాని మనసు నొప్పించడమెందుకని చెప్పిన మాట అది. సెలవుకు వెళ్ళినప్పుడల్లా, "మరిచిపోయొచ్చినా, ఈసారి తెస్తాలే," అనేవాడు. ఆమె సరే అని తలూపేది. కట్టుబాటు ప్రకారం తల్లి గురవమ్మకు కూడా చెప్పలేదు. కొన్నేళ్ళకు అడగడం మానేసింది. ఆయన బతికిపోయాననుకున్నాడు.

ఇప్పుడు బుధవారం లోపల ఆ రాయైనా, నిజమైనా, రెంటిలో ఒకటి కూతురి చేతిలో పెట్టాలి.

దారి చూపించింది అమర్నాథే, పాపం, ఏమీ తెలియకుండా. "మామా, నిన్నగాక మొన్న వాన పడింది. శుక్రవారం ఎడారికి పోదామా? సల్వా రోడ్డు దిగి కరారా వైపు పోతే కంకర మైదానాలున్నాయి. అగేట్లు దొరుకుతాయి. పాపకు గుర్తుగా ఉంటాయి." అగేటంటే రంగు చారల రాయి. ఇక్కడివాళ్ళు అకీక్ అంటారు, వెండి ఉంగరాల్లో పొదిగించుకుంటారు.

"తెల్లరాళ్ళు గూడా ఉంటాయా?" అన్నాడు తిరుపాలు.

"బోలెడు. పలుగురాళ్ళకేం కరువు."

తిరుపాలుకు ప్రాణం లేచొచ్చింది.

శుక్రవారం తెల్లవారి బయలుదేరారు. కంపెనీకి ఇంకా అప్పగించని పికప్ బండి, వెనక చాప, నీళ్ళ క్యాను, చిత్రాన్నం గిన్నె. తారు రోడ్డు దిగాక బండి దడదడలాడింది. ఒకచోట ఆపి దిగితే, కంటికి ఆనినంత మేర గులకరాళ్ళే. వానకు దుమ్ము కడుక్కుపోయి ఎర్రవి, గోధుమరంగువి, నల్లవి, తెల్లవి నిగనిగలాడుతున్నాయి. దూరంగా రెండు ఒంటెలు ఎవరికీ పట్టనట్టు నిలబడ్డాయి.

"ఇవి ఇక్కడివి కావు మామా," అన్నాడు అమర్నాథ్, ఒక రాయి చేతిలో తిప్పుతూ. "ఎన్నో లక్షల ఏళ్ళ కింద సౌదీ కొండల్నుంచి నదులు దొర్లించుకొచ్చినాయి. నదులు ఎండిపోయినాయి. రాళ్ళు ఈడే ఉండిపోయినాయి."

"మాలాంటివే అను," అన్నాడు తిరుపాలు. అల్లుడు నవ్వాడు. శివకుమారి నవ్వలేదు.

మోక్షిత అప్పటికే గుప్పిళ్ళతో ఏరుతోంది. తండ్రి షరతు పెట్టాడు, విమానంలో బరువు ఎక్కువవుతుంది, పది రాళ్ళు మాత్రమే. పిల్లకు అది పెద్ద అన్యాయంగా తోచింది.

తిరుపాలు మనవరాలి భుజాలు పట్టుకుని సూర్యుడి వైపు తిప్పాడు. "ఇట్ల నడవాలమ్మీ. ఎండ మొగాన కొట్టల్ల. రాయి నిన్ను చూసి కన్ను కొడతాది."

"దొరికితే?"

"దొరికితే గమ్మునుండల్ల. గుప్పిట మూసుకోని, నోరు మూసుకోని."

"అమ్మకి కూడా చెప్పకూడదా?"

"మీయమ్మ గూడా వాళ్ళమ్మకు చెప్పలేదులే," అన్నాడు, అని నాలుక కరుచుకున్నాడు. చాప పరుస్తున్న శివకుమారి తల తిప్పి చూసింది.

ఆయన నడక మొదలుపెట్టాడు. యాభై దాటిన నడుము, రోజంతా స్టీరింగు ముందు కూర్చునే నడుము, గంటలోనే నొప్పి పుట్టింది. అయినా వదల్లేదు. అల్లుడు రంగు చారలున్నవి ఎత్తి పిల్లకు చూపిస్తున్నాడు. ఈయన కళ్ళకు తెల్లవి తప్ప ఆనడం లేదు. చింతగింజంతవి. మూల మచ్చ ఉన్నవి. ఒకటి పెద్దదవుతుంది, ఒకదానికి మచ్చ నడిమధ్యన ఉంటుంది, ఒకటి మరీ గుండ్రం. పద్దెనిమిదేళ్ళ కింద మూడు రోజులు చూసిన రాయి ఆయనకు ఇంత బాగా గుర్తుంటుందని ఆయనే అనుకోలేదు.

శివకుమారి నీళ్ళ సీసా తెచ్చి పక్కన కూర్చుంది.

"అందరూ రంగువి ఏరతాంటే నువ్వు తెల్లవి చూస్తాండావే నాయనా?"

"ఊరికే. కండ్లకు అలవాటు."

"నాకేమన్నా చెప్పల్లనా?"

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది, కోప్పడి తప్పించుకునేవాడు. కూతురు మోకాళ్ళ మీద గడ్డం ఆనించి, చిన్నప్పుడు బడి ఎగ్గొట్టిన సంగతి తల్లికి చెప్పొద్దని బతిమాలినప్పటి మాదిరి చూస్తోంది. అమ్మా, పారేసినా. రెండే మాటలు. అక్కడ వినేవాళ్ళు కూడా లేరు, ఒంటెలు తప్ప. నోటి దాకా వచ్చింది. వచ్చిన మాటను నీళ్ళతో పాటు మింగేశాడు.

"ఏముంటాది చెప్పేదానికి? నీ రాయి బీరువాలోంచి తీసి నా పెట్టెలో పెట్టుకున్నా. సాయంత్రం ఇస్తా."

శివకుమారి ఆయన మొహం వంక ఇంకొంచెం సేపు చూసి, "సరే నాయనా," అని లేచి, చీర దులుపుకుని పోయింది. తర్వాత ఎన్ని సార్లు తలుచుకున్నాడో ఆ నిమిషాన్ని! దేవుడు తలుపు తీసి పట్టుకుంటే, చెప్పులు వెతుక్కుంటూ గడప బయటే ఉండిపోయాడు.

ఇంకో అరగంటకు రాయి దొరికింది. చింతగింజంత, తెల్లగా, మూలన చిన్న మచ్చ. మచ్చ ఎరుపు కాదు, ఇటుక రంగు. అయితేనేం? పద్దెనిమిదేళ్ళు కన్నెత్తి చూడని రాయి రంగు ఆమెకు గుర్తుంటుందా? గుప్పిట మూశాడు. కట్టుబాటు ప్రకారం నోరూ మూశాడు. గుండె దడదడ కొట్టుకుంది, వజ్రం దొరికినవాడికి కొట్టుకున్నట్టే.

బండి నీడన చిత్రాన్నం తిన్నారు. అమర్నాథ్ పది రాళ్ళు లెక్కపెట్టి సంచిలో కట్టాడు. మిగిలినవి అక్కడే కుప్పపోయించాడు. తిన్నాక తిరుపాలు కాస్త ఒరిగితే మోక్షిత వచ్చి ఆయన మీద పడి, చెవిలో గుసగుసలాడింది.

"తాతా, చెయ్యి పట్టు."

అరచేతిలో ఒక అగేట్ పెట్టింది. ఉల్లిగడ్డ కోసినట్టు పొరలు పొరలు, తేనె రంగు, మధ్యలో తెల్ల చుక్క. ఆ రోజు దొరికినవాటిలో అదే మేలిరకం.

"ఇది పదకొండోది. నాన్న వద్దంటాడు. నీ దగ్గర పెట్టుకో. ఊరికొచ్చేటప్పుడు తీసుకురా. ఎవరికీ చెప్పొద్దు."

ఈ పిల్ల ఆ కాగితం చదివింది కాదు, ఆ కథ విన్నదీ కాదు. దాచుకోవాలనుకునే పిల్లలందరూ ఆ నాలుగు ముక్కలే చెబుతారు కాబోలు.

"సరే," అన్నాడు. ఇంకేమంటాడు?

సాయంత్రపు అసర్ నమాజు వేళకు బాబా ఇంటి గేటు ముందు బండి ఆగింది. సాయంత్రం ఆయనకు డ్యూటీ ఉంది. రేపటి నుంచి బుధవారం దాకా మదామ్ వాళ్ళ ఇంట్లో పెళ్ళి, తెరిపి లేదు. ఇదే వీడ్కోలు. "ఒక్క నిమిషం ఉండండి," అని తిరుపాలు గదిలోకి పోయాడు.

రాయిని కుళాయి కింద రుద్ది కడిగాడు. ఎడారి ఇసుక ఒక్క రేణువు కూడా మిగలకుండా తుడిచాడు. ట్రంకు పెట్టె అడుగున, పాస్‌పోర్టు నకళ్ళ కింద, కూతురి కాగితం ఉంది. రాయిని పారేసినవాడికి కాగితాన్ని పారేయడానికి చెయ్యి రాలేదు. మడతల దగ్గర చిరిగి, పెన్సిలు అక్షరాలు మసకబారాయి. దాంట్లో కొత్త రాయి చుట్టాడు. చుడుతుంటే, చేసేది దొంగపనని ఆయనకు తెలుసు. తెలిసే చుట్టాడు.

శివకుమారి బండి దిగి నిలబడింది. పొట్లం అందుకుంది. రాయిని తర్వాత చూసింది, ముందు కాగితమే చూసింది. "మూడవ తరగతి," అని పైకి చదివి పెదవి కొరుక్కుంది. తర్వాత రాయిని రెండు వేళ్ళతో పట్టుకుని ఎండకు ఎత్తి చూసింది. మచ్చ ఉన్న మూలను బొటనవేలితో తడిమింది.

"ఇదే నాయనా," అంది.

గుప్పిట మూసుకుంది. తిరుపాలుకు పెద్ద బరువు దిగినట్టే అనిపించింది, ఒక్క క్షణం.

అప్పుడు మోక్షిత బండి కిటికీలోంచి తల బయటపెట్టింది. అమ్మ చేతిలో రాయి చూసింది, తాత ముఖం చూసింది. ఇక ఆగలేకపోయింది. "తాతా! నువ్వు అమ్మది భద్రంగా దాచినట్టే నాదీ దాస్తావు కదా? ఊరికి తెస్తావు కదా?"

తిరుపాలు చొక్కా జేబు తడుముకున్నాడు. అగేట్ చేతికి తగిలింది. ఆ పిల్ల కళ్ళలోకి చూసి 'తెస్తా' అనడానికి నోరు తెరిచాడు, ఆ మాట రాలేదు. ఒక్క రాయి మీద చెప్పిన అబద్ధమే పద్దెనిమిదేళ్ళు మోశాడు. రెండో దానికి ఓపిక లేదు.

జేబులోంచి తీసి చెయ్యి చాపాడు. "నా దగ్గర వద్దమ్మీ. నేను పోగొడతా."

"ఎందుకు పోగొడతావు?"

"మీయమ్మది పోగొట్టినా గదా. పోగొట్టలేదు, పారేసినా. ఆ చేతిలోది పొద్దున ఎడారిలో ఏరినా." మాట మనవరాలితో, చూపు కూతురి మీద. "తప్పయిపోయినాదమ్మా శివా. ఆ పొద్దు కోపంలో పారేస్తి. నువ్వు నమ్ముకోనుంటివి, నేనేమో... చెప్పలేకపోతి. ఈ పొద్దు ఆడ అడిగినప్పుడు గూడా చెప్పలేకపోతి."

అమర్నాథ్‌కు ఏమీ అర్థం కాక స్టీరింగు మీద నుంచి చేతులు తీసి చూస్తున్నాడు. శివకుమారి ఏడుస్తుందనుకున్నాడు తిరుపాలు. ఆమె ఏడవలేదు. గుప్పిట తెరిచి, రాయి మీద మెల్లగా ఊదింది. ఆవిరి తెల్లగా పరుచుకుని నిలిచింది. దాన్ని తండ్రికి చూపించింది.

"నాది గూడా ఇట్లే నిలిచె నాయనా. పంపేముందే ఊది చూస్తి. అది వజ్రం కాదని నాకు తెల్సు."

"మరి వజ్రమని రాస్తివే?"

"ఉత్త రాయంటే తెస్తావా? వజ్రమంటే జాగ్రత్తగా తెస్తావు. రాయి తెచ్చినావంటే ఇంక పోయే పని ఉండదని నాకు నేనే అనుకొంటి. చిన్నదాన్ని గదా." ఆమె కాగితాన్ని మళ్ళీ పాత మడతల మీదే మడిచింది. "నువ్వు సెలవుకొచ్చిన ప్రతిసారీ, నువ్వు నీళ్ళు పోసుకొనేదానికి పోతే నీ పెట్టె తడుముతాంటి. రాయి కనపడేది కాదు. ఓహో, నాయన మల్లా పోతాడు అనుకొంటాంటి. పెండ్లయ్యేదాకా తడిమినా నాయనా."

ఊర్లో తన పెట్టె చుట్టూ తిరిగే కూతురిని చూసి, చాక్లెట్ల కోసమనుకుని నవ్విన రోజులన్నీ ఒక్కసారిగా తిరుపాలు కళ్ళ ముందుకొచ్చాయి. ఆ పెట్టె తెరిచి చాక్లెట్లు గుప్పిళ్ళతో పోసేవాడు. పిల్ల తీసుకునేది, మళ్ళీ పెట్టెలోకే చూసేది.

"పోగొట్టింటావని పెద్దయినాక తెలిసిపోయినాదిలే," అంది శివకుమారి. "పొయ్యే ముందు నువ్వే చెప్తావేమోనని అడిగితి."

"ఇప్పుడు చెప్తి గదమ్మా," అన్నాడు, చిన్నపిల్లవాడిలా.

"చెప్పినావు." ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. పట్టుకుని, ఆయన అరచేతిలోని అగేట్ తీసి మోక్షిత గౌను జేబులో వేసింది. ఎడారి రాయిని కాగితంతో సహా తన హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది.

"మరి నాన్న పదే అన్నాడే?" అంది మోక్షిత.

"పదకొండూ ఎత్తుకపోదాంలే. తాత దగ్గర పెట్టి ఎదురుచూసే పని మనకెందుకు?"

ఎత్తిపొడుపుగా అన్నది కాదు. జ్వరం తగ్గిన మనిషి మాట్లాడినట్టు, తేలిగ్గా అంది. ఆ తేలికే తిరుపాలును కూలదోసింది. ఆమె వంగి ఆయన కాళ్ళు తాకి, "ఒళ్ళు జాగ్రత్త నాయనా. మాత్రలు మరిచిపోవద్దు," అని బండెక్కింది. అమర్నాథ్ దిగి వచ్చి చేతులు పట్టుకుని, "వస్తాం మామా," అన్నాడు. మోక్షిత గుప్పిట మూసి ఊపింది, లోపల రాయి ఉందని గుర్తుగా.

బండి సందు మలుపు తిరిగిపోయింది. తిరుపాలు గదిలోకి వెళ్ళి, తెరిచి ఉన్న పెట్టె ముందు కూర్చున్నాడు. అడుగున పాస్‌పోర్టు నకళ్ళ కింద చెయ్యి పెట్టి తడిమాడు. లేదని తెలుసు. కూతురు ఎన్నేళ్ళు ఇలా తడిమిందో అంతసేపూ తడమాలనిపించింది. బయట మదామ్, "తిరుపాల్, యల్లా, యల్లా!" అని తొందరపెట్టి పిలిచేదాకా ఆయన చెయ్యి పెట్టెలోనే ఉంది.